నోట్లో యాసిడ్ ఎంతసేపు?

(మా ఊరి గ్రంథాలయంలో ఒక పళ్ళ డాక్టరుగారు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా కెమిస్ట్రీ మాస్టారు కూర్చున్నారు. ఇంటర్‌లో నాకు పీహెచ్ పాఠం చెప్పింది ఆయనే. ఇవాళ ఆయన ఎదుట అదే పాఠం నేను అప్పజెప్పాల్సి వస్తోంది. తప్పు దొర్లితే అక్కడే ఆపేయండి మాస్టారూ, మొహమాటపడకండి.

ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. ఈమధ్య మా క్లినిక్‌కి ఒకాయన వచ్చారు. చేతిలో చిన్న డబ్బా, అందులో రంగు మారే కాగితపు పట్టీలు. ఆన్‌లైన్లో తెప్పించుకున్నారట. రోజూ పొద్దున్నే ఉమ్ములో ముంచి రంగు చూసుకుంటారు. "డాక్టరుగారూ, నాది 7 వస్తోంది, అంతా బాగున్నట్టే కదా?" అన్నారు. నోరు తెరవమన్నాను. పైన ముందు పళ్ళ సందుల్లో రెండు పుచ్చులు. కింద ఒక దవడ పన్ను సగం పోయింది. మరి కాగితం అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. ఆయన ఉమ్ము నిజంగానే 7. ఉమ్ము 7 ఉంటే పళ్ళెందుకు పుచ్చాయి? ఈ సాయంత్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుదాం.

పీహెచ్ అంటే తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఒక ద్రవం ఎంత పుల్లనో చెప్పే ఈ కొలతని 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పెట్టాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో. అవును, బీరు కంపెనీదే! నవ్వకండి, బీరు బాగా పులియాలన్నా పులుపు లెక్క తెలియాలి కదా. 7 అంటే మధ్యస్థం. అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నిమ్మరసం రెండుకి కాస్త పైన ఉంటుంది. కిళ్ళీలో వేసే తడి సున్నం పన్నెండు దాటుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. ఒక్క అంకె దిగితే ఆమ్లం పది రెట్లు పెరుగుతుంది. రెండు దిగితే వంద రెట్లు. 7 నుంచి 5.5కి దిగితే ఎంత? మాస్టారూ? ముప్ఫై రెట్ల పైన. అంటే "ఒకటిన్నరే కదా దిగింది" అనుకునే లెక్క కాదిది.

ఆ 5.5 అంకె మాత్రం గుర్తుంచుకోండి. పన్ను పైపొర, మనం ఎనామిల్ అంటాం, ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. దాదాపు అంతా కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజమే. చుట్టూ ఉన్న తడి 5.5 కంటే కిందికి దిగిందంటే ఆ ఖనిజం కరిగి బయటికి రావడం మొదలవుతుంది. మళ్ళీ పైకెక్కితే ఉమ్ములో ఉన్న కాల్షియం, ఫాస్ఫేటు వెనక్కి వెళ్ళి కూర్చుంటాయి. పోవడం, రావడం. పోవడం, రావడం. ప్రతి నోట్లోనూ, రోజూ, ఇప్పుడు మనం ఇక్కడ కూర్చున్నప్పుడు కూడా జరిగేదే. పోయింది వచ్చిందానికంటే ఎక్కువైన రోజులు నెలల తరబడి సాగితే, అదే పుచ్చు.

సరే, ఆ యాసిడ్ ఎక్కడినుంచి వస్తుంది? మన చిన్నప్పుడు పన్ను నొప్పంటే పన్నులో పురుగుంది అనేవాళ్ళు. వాకుడు గింజల పొగ పట్టించేవాళ్ళు గుర్తున్నారా? చెయ్యెత్తారు చూడండి వెనక పెద్దమ్మగారు. పొగ పట్టి, "ఇదిగో పురుగు పడింది" అని చూపించేవాళ్ళు. ఆ పడింది పన్నులోంచి కాదమ్మా. పన్నులో పురుగు లేదు. కానీ ఏదో ప్రాణి ఉందన్న అనుమానం మాత్రం పూర్తిగా తప్పు కాదు. అది కంటికి కనపడేది కాదు, అంతే.

బెర్లిన్‌లో మిల్లర్ అనే అమెరికా పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఆయన ఊడిన పళ్ళను ఉమ్ములో వేసి, అందులో రొట్టె ముక్కలు కలిపి, ఒంటి వేడి దగ్గర ఉంచాడు. పన్ను మెత్తబడింది. రొట్టెకి బదులు మాంసం పెట్టాడు. ఏమీ కాలేదు. ఉమ్మును ముందే మరిగించి చూశాడు. యాసిడ్ పుట్టలేదు. అంటే ఏమిటి? ఉమ్ములో బతికున్న సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని తిని యాసిడ్ వదులుతున్నాయి, ఆ యాసిడ్ పన్నును కరిగిస్తోంది. 1890 నాటికే ఈ సంగతి ఆయన ప్రకటించాడు. పాత్రలు, రొట్టె, కాస్త ఓపిక. ఎంత శుభ్రమైన ప్రయోగమో! మా కాలేజీలో ఈ పేరు రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం.

ఇప్పుడు మన పట్టీల ఆయన దగ్గరికి వద్దాం. ఆయన కొలిచింది ఉమ్మును. పుచ్చు పట్టేది ఉమ్ములో కాదు. పన్ను మీద జిగురుగా అంటుకునే పాచి కింద. ఆ పాచి పొర లోపల ఎంత పులుపుందో ఉమ్ము చెప్పదు. వీధిలో గాలి బాగుందని వంటింట్లో పొగ లేదనుకుంటే ఎలా?

పాచి లోపలి పీహెచ్‌ని కొలిచినవాడు రాబర్ట్ స్టీఫన్. 1940ల తొలినాళ్ళు. యాంటిమొనీతో సన్నటి ఎలక్ట్రోడు తయారుచేసి పన్ను మీది పాచికే ఆనించాడు. తర్వాత గ్లూకోజ్ నీళ్ళతో పుక్కిలించమన్నాడు. ఏమైంది? నిమిషాల్లో, మళ్ళీ చెబుతున్నాను, గంటల్లో కాదు, నిమిషాల్లో పీహెచ్ ధబ్బున పడిపోయింది. పుచ్చులు ఎక్కువున్నవాళ్ళలో 5 కంటే కిందికి. తిరిగి మెల్లగా పైకి రావడానికి అరగంట నుంచి గంట. ఆ గీత ఇవాళ్టికీ ప్రతి పళ్ళ డాక్టరు పుస్తకంలోనూ ఉంటుంది, స్టీఫన్ గీత అంటాం. దిగడం బావిలో చేద జారినట్టు, ఎక్కడం మళ్ళీ ఆ చేదను తోడుకున్నట్టు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇక్కడ రోజుకి టీ ఎన్నిసార్లు తాగుతారు? చేతులు కాదు, అంకెలు చెప్పండి. మూడు. నాలుగు. అదిగో ఆయన, షాపు నడుపుతారు కదా మీరు, ఆరు అంటున్నారు. చక్కెర వేసుకునే కదా? వేసుకునే. ఆరు టీలు, ఒక్కో టీకి పాచి లోపల తక్కువలో తక్కువ అరగంట ఆమ్లం అనుకుందాం. మూడు గంటలు. దాంతో ఒక బిస్కెట్టు అంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ ముద్ద దవడ పళ్ళ గుంటల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. పైగా టీని గబుక్కున తాగరు, గల్లా పెట్టె పక్కన గ్లాసు పెట్టుకుని గంటసేపు చప్పరిస్తూ ఉంటారు. అప్పుడు గీత పైకి లేచే సందే దొరకదు. అదే చక్కెర మొత్తం మధ్యాహ్నం భోజనంలో ఒక బొబ్బట్టుగా తినేస్తే? ఒక్కసారి దిగుతుంది, ఒక్కసారి ఎక్కుతుంది. మీ షుగర్ డాక్టరు ఇందుకు ఒప్పుకోకపోవచ్చు, ఆయన లెక్క వేరు. పన్ను లెక్కలో మాత్రం ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పెద్దది.

బెల్లం టీ అయితే పరవాలేదా అని ఎవరో అంటున్నారు. లేదండీ. బెల్లంలో ఉన్నదీ అదే చక్కెర. తేనె కూడా అంతే. పాచికి కులగోత్రాలు పట్టవు.

ఈ "ఎన్నిసార్లు" సంగతి ఎలా తేలిందో చెబితే మీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. స్వీడన్‌లో లుండ్ దగ్గర విపెహోల్మ్ అనే ఆస్పత్రి. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళను అక్కడ ఉంచేవాళ్ళు. 1945 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడివాళ్ళ మీద ప్రయోగం చేశారు. కొందరికి భోజనంతో చక్కెర, కొందరికి భోజనాల మధ్య పళ్ళకి అంటుకునే టాఫీలు. భోజనంతో తిన్నవాళ్ళకి పుచ్చులు పెద్దగా పెరగలేదు. మధ్యమధ్యలో టాఫీ తిన్నవాళ్ళ పళ్ళు నాశనమైపోయాయి. వాళ్ళని అడిగి చేశారా? అడిగితే సమాధానం చెప్పగల స్థితిలో లేనివాళ్ళని ఎంచుకుని చేశారు. మనం పిల్లలకి "మాటిమాటికీ చాక్లెట్ తినకు" అంటున్నామంటే, ఆ మాట వెనక ఆ మనుషుల పళ్ళున్నాయి. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ భాగం ఎప్పుడూ దాటవేయను.

ఇంత దాడి జరుగుతుంటే మనకి పళ్ళు అసలు మిగులుతున్నాయంటే కారణం ఏమిటి? ఉమ్ము. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. కొత్తావకాయ అనగానే ఏమవుతుంది? అదిగో, మింగుతున్నారు, నాకు కనపడుతోంది! నోరూరింది కదా. ఊరినప్పుడు వచ్చే ఉమ్ము, ఊరికే కూర్చున్నప్పుడు ఉండే ఉమ్ము ఒకటి కాదు. గబగబా ఊరినప్పుడు అందులో బైకార్బొనేట్ ఎక్కువ ఉంటుంది. బైకార్బొనేట్ అంటే మీ వంటింట్లో వంటసోడాలో ఉండేదే. ఆరున్నర, ఆరు ముప్పావు దగ్గర ఉన్న ఉమ్ము ఏడున్నర దాకా లేస్తుంది. పులుపు నోట్లోకి రాకముందే, పేరు వినగానే, దానికి విరుగుడు సిద్ధం.

అందుకే భోజనం అయ్యాక సోంపు నమలడం మంచి అలవాటే. నమిలితే ఉమ్ము ఊరుతుంది, ఊరితే గీత తొందరగా పైకి లేస్తుంది. కానీ హోటల్లో ఇచ్చే సోంపు గిన్నె చూడండి. సోంపు కంటే పటికబెల్లం పలుకులే ఎక్కువ. సోంపు చేసే మేలును ఆ పలుకులు చెరిపేస్తాయి.

ఇంకొకటి గమనించండి. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకోండి. కింది ముందు పళ్ళు పుచ్చడం చాలా అరుదు. ఎందుకని? నాలుక కింద ఉమ్ము గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి, ఆ పళ్ళు రోజంతా ఉమ్ములో స్నానం చేస్తుంటాయి. పై ముందు పళ్ళకి ఆ అదృష్టం లేదు, అక్కడ పల్చటి తడి తప్ప ప్రవాహం లేదు. మన పట్టీల ఆయనకి పుచ్చింది ఎక్కడ? పై ముందు పళ్ళ సందుల్లో. మరి కింది ముందు పళ్ళ లోపలివైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా ఏం తగులుతుంది? గార. ఉమ్ము మంచిదే, కానీ అందులో ఉన్న ఖనిజం పాచిలో దిగి గట్టిపడితే గార అవుతుంది. ఒకే ఉమ్ము, పుచ్చు పట్టనివ్వదు, గార కట్టకుండా ఉండదు. కిడ్నీ జబ్బుతో రక్తంలో యూరియా పెరిగినవాళ్ళలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ళ ఉమ్ములోకి యూరియా వస్తుంది, సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియా చేస్తాయి, నోరు క్షారం వైపు జరుగుతుంది. పుచ్చులు తక్కువ, గార ఎక్కువ.

రాత్రి నిద్రలో ఉమ్ము దాదాపు ఆగిపోతుంది. కాబట్టి పడుకునేముందు తిన్న తీపి పగటి తీపి లాంటిది కాదు. దాన్ని ఎత్తుకుపోయే నీరు లేదు. రాత్రి బ్రష్ చేయమని మేం మొత్తుకునేది ఇందుకే. పొద్దున ఒక్కపూట మానేసినా అంత బాధపడను, రాత్రి మాత్రం మానకండి.

అరవై దాటినవాళ్ళు ఇక్కడ సగానికి పైన ఉన్నారు కాబట్టి ఇది కాస్త నిదానంగా చెబుతాను. వయసు మీద చిగుళ్ళు జారితే పన్ను వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు. ఆ పొర కరగడానికి 5.5 దాకా దిగక్కర్లేదు, ఆరు పైన ఉండగానే కరగడం మొదలవుతుంది. అంటే మామూలు భోజనానికే. దీనికి తోడు ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు, అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మందులు కొన్ని, ఇవి నోటిని ఎండబెడతాయి. మందులు మానేయమని అనడం లేదు, పొరపాటున కూడా అలా ఇంటికెళ్ళి చెప్పకండి. ఆ మాత్రలు రాసిన డాక్టరుగారికి "నోరు ఎండుతోంది" అని చెప్పండి, పళ్ళ డాక్టరుకీ చెప్పండి. చాలామంది ఏం చేస్తారు? నోరు ఎండిందని జేబులో పిప్పరమెంటు బిళ్ళలు పెట్టుకుని రోజంతా చప్పరిస్తారు. ఉమ్ము లేని నోట్లో, బయటపడ్డ వేళ్ళ మీద, ఆగకుండా చక్కెర. ఏడాదిలో వరసగా అన్ని పళ్ళూ చిగురు దగ్గర నల్లబడి విరిగిపోవడం నేను చూశాను. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి, నీళ్ళు గుక్కగుక్కగా తాగండి.

ఇంతసేపూ సూక్ష్మజీవులు తయారుచేసే యాసిడ్ గురించి చెప్పాను. మనం నేరుగా పోసుకునేది వేరే ఉంది. పచ్చి మామిడికాయ తింటే పళ్ళు పులిశాయి అంటాం కదా. ఆ మాట ఎంత సరిగ్గా పుట్టిందో చూడండి, పులిసింది పన్నే. నెలకో రెండు నెలలకో మామిడికాయ తింటే ఏమీ కాదు. మా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చారు, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందని. ఒక్క పుచ్చు లేదు. కానీ ముందు పళ్ళ అంచులు పల్చబడి, వెలుతురు పడితే అవతలికి కనపడుతున్నాయి. ఏం తింటారని అడిగితే ఏమీ తేలలేదు. చివరికి చెప్పారు, నాలుగేళ్ళుగా పరగడుపున నిమ్మరసం, తేనె, గోరువెచ్చటి నీళ్ళు. తాగిన వెంటనే బ్రష్ చేస్తారట, పుల్లటి రుచి పోవడానికి. యాసిడ్ తగిలి మెత్తబడ్డ ఎనామిల్ మీద బ్రష్ పెట్టి రుద్దడమంటే తడి గోడకి వేసిన సున్నాన్ని చీపురుతో ఊడ్చడమే. పుల్లటిది తాగితే నీళ్ళతో పుక్కిలించి, అరగంట, వీలైతే గంట ఆగండి.

పులితేన్పులు వచ్చేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. కడుపులో యాసిడ్ పీహెచ్ ఒకటి, రెండు మధ్య ఉంటుంది, నిమ్మకాయ దాని ముందు దిగదుడుపే. అది పైకి తన్నితే పై ముందు పళ్ళ లోపలివైపు అరుగుతాయి. రోగికి కనపడదు, మాకు కనపడుతుంది. మా అద్దంలో చూసి గ్యాస్ డాక్టరు దగ్గరికి పంపినవాళ్ళు ఎందరో. కడుపుతో ఉన్నవాళ్ళకి వాంతులైనప్పుడు కూడా వెంటనే బ్రష్ చేయొద్దు. గ్లాసు నీళ్ళలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి, చాలు.

మరి పెరుగు? పెరుగు పీహెచ్ నాలుగున్నర దగ్గర ఉంటుంది. 5.5 లెక్కన చూస్తే పెరుగన్నం పళ్ళని కరిగించాలి కదా? కరిగించదు. మాస్టారు తల ఊపుతున్నారు, ఆయనకి తెలిసిపోయింది. పెరుగులో కాల్షియం, ఫాస్ఫేటు అంత దండిగా ఉన్నప్పుడు పన్నులోంచి కాల్షియం బయటికి రావడానికి చోటెక్కడిది? బస్సు నిండిపోయి ఉంటే ఎక్కేవాడు ఎలా ఎక్కుతాడు? కాబట్టి 5.5 అన్నది కూడా రాతి మీద గీత కాదు, చుట్టూ ఏముందన్నదాన్ని బట్టి జరుగుతుంది. ఫ్లోరైడ్ చేసే పని కూడా ఇదే. పన్నులో ఫ్లోరైడ్ చేరితే అది కరగడానికి నాలుగున్నర దాకా దిగాలి. టూత్‌పేస్టులో అందుకే వేస్తారు. నల్లగొండలో ఫ్లోరైడ్ జబ్బు చూశాం కదా అంటారా? చూశాం. అంతకుముందే 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనూ ఆ జబ్బు బయటపడింది. అది బావి నీటిలో ఏళ్ళ తరబడి తాగిన ఫ్లోరైడ్. బ్రష్ చేసి ఉమ్మేసేది వేరు. పసిపిల్లలకి మాత్రం బియ్యపుగింజంత పేస్టు చాలు, మింగేస్తారు కాబట్టి.

ఇప్పుడు తిరకాసు. ఇంతసేపూ విని మీరేమనుకుంటారు? యాసిడ్ చెడ్డది, క్షారం మంచిది, నోటిని క్షారంగా ఉంచుకుంటే సరి. ఆల్కలైన్ వాటర్ అని సీసాలు అమ్మేవాళ్ళు చెప్పేదీ ఇదే. చిగుళ్ళ జబ్బు దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. చిగురుకీ పన్నుకీ మధ్య సందు లోతైతే అందులో చేరే సూక్ష్మజీవులు వేరే జాతి. వాటికి చక్కెర అక్కర్లేదు. చిగుళ్ళలోంచి ఊరే ద్రవంలో ఉన్న ప్రొటీన్లు తింటాయి, అమ్మోనియా వదులుతాయి, తమకి నచ్చినట్టు సందును ఏడున్నరకీ ఆపైకీ తీసుకెళ్తాయి. నోటి వాసన, రక్తం కారడం, పన్ను కదలడం అక్కడినుంచే. పుల్లగా ఉంటే పన్ను పోతుంది, క్షారంగా ఉంటే చిగురు పోతుంది. ఒకే నోట్లో, ఒకే పన్నుకి, పైన 5, కింద 8 ఉండొచ్చు. ఉమ్ములో ముంచిన పట్టీ ఏం చెబుతుంది పాపం? ఆ రెండిటినీ చూడకుండానే 7 అంటుంది.

1989లో ఇంగ్లాండులో ఒక ప్రయోగం వచ్చింది. నోట్లో ఉండే రకరకాల సూక్ష్మజీవులను ఒకే పాత్రలో పెంచి, రోజూ గ్లూకోజ్ పోశారు. ఒక పాత్రలో పీహెచ్ 7 దగ్గర కదలకుండా పట్టుకున్నారు. రెండోదాన్ని వదిలేశారు. మొదటిదాంట్లో చక్కెర పోసినా జనాభా పెద్దగా మారలేదు. రెండోదాంట్లో మాత్రం యాసిడ్‌ని తట్టుకునేవి పెరిగిపోయి మిగతావి అడుగంటాయి. అంటే చెడ్డ క్రిముల్ని పెంచింది చక్కెర కాదు, చక్కెర వల్ల పుట్టిన పులుపు. ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. క్రిముల్ని చంపే మౌత్‌వాష్ రాయడం అప్పటినుంచి బాగా తగ్గించాను.

కిళ్ళీ గురించి అడుగుతారని తెలుసు. "సున్నంలో కాల్షియం ఉంది, పళ్ళకి బలం" అంటారు మా బాబాయి. ఆ సున్నం బుగ్గ లోపలి పొరని కాలుస్తుంది, వక్కలోని మందు ఒంట్లోకి తేలిగ్గా దిగేలా చేస్తుంది, గారని దిమ్మలుగా కట్టిస్తుంది. వక్క వల్ల బుగ్గలు బిగుసుకుపోయి నోరు మూడు వేళ్ళంత కూడా తెరుచుకోని కుర్రాళ్ళు వస్తున్నారు. మిరపకాయ బజ్జీ కొరకలేని వయసా అది? పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో తేల్చింది. బాబాయికి చెప్పాను. వక్క మానేశాడు, తమలపాకు మాత్రం నములుతున్నాడు. తమలపాకుతో నాకు పేచీ లేదు.

ప్రశ్నలు తీసుకుంటాను. మీరడగండమ్మా.

ఆవిడ అడుగుతున్నది, మనవడికి ఏడాదిన్నర, నోట్లో పాలసీసా ఉంటేగానీ నిద్రపోడు, తీసేస్తే ఏడుస్తాడు, ఏం చేయాలి అని. ఒక్కరోజులో లాగేయకండి, ఇల్లంతా మేలుకుంటారు. పాలలో చక్కెర వేస్తున్నారా? వేస్తున్నారు. ముందు అది ఆపండి. తర్వాత రోజుకి కొంచెం చొప్పున పాలు తగ్గించి నీళ్ళు పెంచండి. రెండు వారాల్లో సీసాలో వట్టి నీళ్ళే మిగులుతాయి, వాడికే విసుగొస్తుంది. దగ్గు సిరప్పుల్లోనూ చక్కెర ఉంటుంది, రాత్రి పోశాక రెండు చెంచాల నీళ్ళు తాగించండి. ఇవాళ ఇంటికెళ్ళగానే వాడి పై పెదవి ఎత్తి చూడండి, చిగురు అంచు దగ్గర. సున్నం గీత గీసినట్టు తెల్లటి చారలు కనిపిస్తే ఖనిజం పోవడం మొదలైందన్నమాట, ఇంకా వెనక్కి తేవచ్చు, ఈ వారంలో తీసుకురండి. గోధుమ రంగు కనిపిస్తే వారం ఆగొద్దు, రేపే రండి.